రికార్డు నొక్కే ముందే పేరు పెట్టండి: ఇంట్లో పాటలు రికార్డు చేసేవాళ్లు ఫైళ్లు సర్దుకునే పద్ధతి

మూడేళ్ల కిందట ఒక ఆదివారం డోలక్ వాయించే ఆయన ఒకరు మా ఇంటికి వచ్చారు. కాకినాడలో పొద్దున్నే బస్సెక్కి పదింటికి దిగారు, సాయంత్రం మళ్లీ ఆయనకి వేరే ఊళ్లో కార్యక్రమం. ఉన్న ఐదు గంటల్లో మూడు పాటలకి వాయించారు, ఒక్కోదానికి నాలుగైదు టేకులు, మధ్యలో ముక్తాయింపులు విడిగా. ఆయన ఊపులో ఉన్నప్పుడు ఆపి ట్రాక్‌లకి పేర్లు పెడుతూ కూర్చోవడం బాగోదనిపించింది, తర్వాత చూసుకోవచ్చులే అని అన్నీ వరసగా రికార్డు చేసుకుంటూ పోయాను. మర్నాడు ఫోల్డర్ తెరిస్తే 61 ఫైళ్లు, అన్నిటి పేర్లూ ఉత్త నంబర్లే. రెండు పాటలది ఒకే తాళం, వేగం కూడా దగ్గర దగ్గర. ఏది ఏ పాటదో తేల్చుకోవడానికి నాలుగు రాత్రులు పట్టింది. ఒక పాటకి ఆయన "ఇది కుదిరింది బాబూ, ఇదే ఉంచు" అన్న టేకు మాత్రం దొరకలేదు. ఆ 61లోనే ఎక్కడో ఉంది, ఏదో నాకు తెలియదు.

అప్పట్నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను. ఫైళ్లు సర్దే పని ఎర్ర బటన్ నొక్కే ముందే అయిపోవాలి. రికార్డింగ్ అయ్యాక ఒంట్లో ఓపిక ఉండదు, వారం పోయాక గుర్తుండదు. కింద రాసేదంతా దాదాపు దీని చుట్టూనే ఉంటుంది. నేను వాడేది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కాబట్టి మెనూ పేర్లు దానివే చెబుతాను, మిగతా సాఫ్ట్‌వేర్లలో అదే పనికి ఏ పేరుందో నాకు తెలిసినంతవరకు పక్కనే చెబుతాను.

ప్రాజెక్ట్ ఫైల్లో పాట ఉండదు

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ముందు ఇది తెలియాలి. మీరు సేవ్ కొడితే తయారయ్యే ప్రాజెక్ట్ ఫైల్లో మీ గొంతు ఉండదు, వాయిద్యాలూ ఉండవు. రీపర్ ప్రాజెక్ట్ ఫైలుని, అదే ఆర్‌పీపీ అని చివర ఉంటుందే, దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. చదవగలిగే అక్షరాలే కనిపిస్తాయి: ఫలానా ట్రాక్ మీద, ఫలానా సెకను దగ్గర, ఫలానా ఫోల్డర్లో ఉన్న ఫలానా వేవ్ ఫైలు వాయించు, వాల్యూమ్ ఇంత, ఎఫెక్ట్స్ ఇవి. అచ్చం కిరాణా చీటీ. అసలు సరుకంతా వేవ్ ఫైళ్లలో ఉంటుంది, అవి మీరు చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తనకి తోచిన చోట పెట్టుకుంటుంది.

నాకు తెలిసిన ఒక అబ్బాయి లాప్‌టాప్ ఫార్మాట్ చేసే ముందు జాగ్రత్తగా ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాడు. ఒక్కోటి రెండు మూడు వందల కేబీ. ఐదు నిమిషాల పాట, పది ట్రాక్‌లు, అంత చిన్న ఫైల్లో ఎలా పడుతుంది అన్న అనుమానం అతనికి రాలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. ఫార్మాట్ అయ్యాక తెరిస్తే ట్రాక్‌ల పేర్లున్నాయి, ఎఫెక్ట్స్ ఉన్నాయి, శబ్దం లేదు. వాళ్ల పెద్దమ్మ పాడిన నాలుగు పెళ్లిపాటలు అలా పోయాయి. ఆవిడ గొంతు ఇప్పుడు అప్పటిలా లేదు. ఇది రాయడానికి డోలక్ టేకుతో పాటు ఆ పాటలూ ఒక కారణం.

సైజు చూస్తే చాలు, తేడా తెలిసిపోతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి సుమారు 8.6 ఎంబీ అవుతుంది. లెక్క చాలా తేలిక: సెకనుకి 48,000 శాంపిళ్లు, అంటే శబ్దం కొలతలు, ఒక్కోటి 3 బైట్లు. ఐదు నిమిషాల పాటకి ఒక్క ట్రాక్ 43 ఎంబీ. స్టీరియో అయితే దానికి రెట్టింపు. మీరు కాపీ చేసుకున్న ఫోల్డర్ మొత్తం రెండు ఎంబీ కూడా లేదంటే అందులో పాట లేదని అర్థం.

ఆడాసిటీ వాడేవాళ్లకి చిన్న తేడా ఉంది. 2021 మార్చిలో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి అది రికార్డు చేసినదంతా ఒకే ఏయూపీ3 ఫైల్లో పెడుతోంది. అంతకు ముందు ఒక చిన్న ఏయూపీ ఫైలు, పక్కనే డేటా అని ఒక ఫోల్డర్, అందులో వందలకొద్దీ చిన్న ముక్కలు ఉండేవి. మీ దగ్గర ఆ కాలం నాటి ప్రాజెక్టులుంటే ఆ రెండిటినీ విడదీయకండి, ఫోల్డర్ పేరు మార్చకండి, లోపలి ముక్కల్ని అసలు ముట్టుకోకండి.

ఒక పాటకి ఒక ఫోల్డర్, ముందు సేవ్, తర్వాతే రికార్డు

డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, వాట్సాప్ ఫోల్డర్లో పాట ముక్కలు ఉండకూడదు. డ్రైవ్‌లో పాటలు అని ఒక పెద్ద ఫోల్డర్ పెట్టుకుని, అందులో ప్రతి పాటకీ ఒక ఫోల్డర్ చేయండి. ఆ పాటకి సంబంధించిన ప్రతి చెత్తా చెదారం కూడా అందులోనే ఉండాలి. ఆ ఫోల్డర్‌ని ఎత్తి పక్క కంప్యూటర్లో పెడితే పాట మోగాలి, పరీక్ష అదే.

నేను లోపల పెట్టుకునేవి ఐదే. ఆడియో, అంటే నేను రికార్డు చేసినవి. వచ్చినవి, అంటే వేరేవాళ్లు పంపినవి. మిక్స్‌లు. స్టెమ్స్, అంటే ఒక్కో ట్రాక్‌నీ విడిగా తీసిన పూర్తి ఫైళ్లు. ఇంకా నోట్స్ అని ఒక టెక్స్ట్ ఫైలు. ప్రాజెక్ట్ ఫైలు వీటన్నిటికీ పైన, ఫోల్డర్ తెరవగానే కనిపించేలా ఉంటుంది. ప్రతిసారీ ఇవన్నీ చేయడం విసుగు కాబట్టి ఖాళీగా ఒక నమూనా ఫోల్డర్ చేసి ఉంచుకున్నాను, కొత్త పాట అనుకోగానే దాన్ని కాపీ చేసి పేరు మారుస్తాను. పది సెకన్ల పని. మీకు ఐదు ఎక్కువనిపిస్తే మూడే పెట్టుకోండి, కానీ ఆడియో ఫోల్డర్‌ని మాత్రం సాఫ్ట్‌వేర్‌కి వదిలేయండి. అందులోకి చేత్తో ఏదీ వేయకండి, అందులోంచి ఏదీ తీయకండి, అక్కడ ఫైళ్ల పేర్లు మార్చకండి. చీటీలో రాసిన పేరు ఒకటి, డబ్బా మీద పేరు ఇంకొకటి అయితే సరుకు దొరకదు.

రీపర్‌లో చేయాల్సింది ఇది. కొత్త ప్రాజెక్ట్ తెరవగానే, ఒక్క ట్రాక్ కూడా పెట్టకముందే సేవ్ ఏజ్ కొట్టి ఆ పాట ఫోల్డర్లో సేవ్ చేయండి. తర్వాత ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే ప్రాజెక్ట్ సెట్టింగ్స్ వస్తాయి, అందులో మీడియా అన్న ట్యాబ్‌లో రికార్డింగ్‌లు ఎక్కడ పెట్టాలో అడుగుతుంది, అక్కడ ఆడియో అని ఫోల్డర్ పేరొక్కటి టైప్ చేస్తే చాలు, పూర్తి అడ్రస్ అక్కర్లేదు. ఇక రికార్డు చేసిందంతా పాట ఫోల్డర్ లోపలి ఆడియోలోకే వెళ్తుంది. దీన్ని డిఫాల్ట్‌గా పెట్టుకునే వీలు కూడా అక్కడే ఉంది. ప్రిఫరెన్సెస్‌లో ప్రాజెక్ట్ అన్న చోట, కొత్త ప్రాజెక్ట్ తెరవగానే సేవ్ చేయమని అడిగే టిక్ ఒకటుంటుంది, దయచేసి అది పెట్టుకోండి. "ఊరికే ఒక ఐడియా, సేవ్ ఎందుకు" అని మొదలైన పాటలే తర్వాత ఎక్కడున్నాయో తెలియకుండా పోతాయి.

ఇప్పటికే మొదలైపోయిన ప్రాజెక్ట్ అయితే, సేవ్ ఏజ్ పెట్టెలో కింద, మీడియా మొత్తాన్ని ప్రాజెక్ట్ ఫోల్డర్లోకి కాపీ చేయమనే టిక్ ఉంటుంది, అది పెట్టి సేవ్ చేస్తే చెల్లాచెదురుగా ఉన్నవన్నీ ఒక చోటికి వస్తాయి. ఇదే పనిని ఎబుల్టన్‌లో కలెక్ట్ ఆల్ అండ్ సేవ్ అంటారు, క్యూబేస్‌లో బ్యాకప్ ప్రాజెక్ట్, ప్రో టూల్స్‌లో సేవ్ కాపీ ఇన్, ఎఫ్ఎల్ స్టూడియోలో జిప్డ్ లూప్ ప్యాకేజ్. పేరు ఏదైనా, మీ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఎక్కడుందో ఈ రోజే వెతికి పెట్టుకోండి.

పేర్లు

రీపర్ రికార్డు చేసిన ఫైలుకి ట్రాక్ పేరుని తీసుకుని పెడుతుంది. ట్రాక్‌కి పేరు లేకపోతే ఉత్త నంబరు వస్తుంది. అంటే ట్రాక్ మీద డబుల్ క్లిక్ చేసి "డోలక్" అని ఆ ఆరేడు అక్షరాలు కొడితే, దాని మీద రికార్డయ్యే ప్రతి టేకుకీ జీవితాంతం ఆ పేరు ఉంటుంది. నేను 61 ఫైళ్లతో పడ్డ బాధకి మందు ఇంతే.

కాబట్టి పాడేవాళ్లు, వాయించేవాళ్లు రాకముందే, ముందు రోజు రాత్రే, వాళ్లు చేయబోయే పాటలు మూడైతే మూడు ప్రాజెక్టులు విడివిడిగా తెరిచి, టెంపో పెట్టి, వాళ్లు వింటూ పాడుకోవడానికి, వాయించుకోవడానికి నమూనాగా గైడ్ ట్రాక్ వేసి, ట్రాక్‌లకి పేర్లు పెట్టి సేవ్ చేసి ఉంచుతాను. ఒకే ప్రాజెక్ట్‌లో మూడు పాటలూ వరసగా లాగించేయాలనిపిస్తుంది, వద్దు. మనిషి కుర్చీలో కూర్చున్నాక మన చూపు ఆయన మీద ఉండాలి.

రికార్డింగ్ నడుస్తుండగా టేకు వివరాలు రాసుకోవడానికి నాకు బాగా పనికొచ్చినవి రెండు. ఒకటి, ప్రతి టేకు ముందు మైకులో నోటితో చెప్పడం: "వానపాట, రెండో చరణం, మూడో టేకు." సినిమా షూటింగ్‌లో క్లాప్ కొట్టినట్టే. ఫైలు పేరు పోయినా, ప్రాజెక్ట్ పోయినా, ఆ గొంతు ఫైలులోనే ఉంటుంది. రెండోది, బాగా వచ్చిన చోట కీబోర్డు మీద ఎం నొక్కితే రీపర్ అక్కడ గుర్తు పెడుతుంది, రికార్డింగ్ ఆగదు. ఆ డోలక్ ఆయన "ఇదే ఉంచు" అన్నప్పుడు నేను ఒక్క ఎం నొక్కి ఉంటే సరిపోయేది.

పేరులో ఏముండాలి అంటే: పాట, ఏ గొంతు లేక వాయిద్యం, పాటలో ఏ భాగం. వానపాట_లీడ్_పల్లవి, వానపాట_కోరస్ఆడ_చరణం2, వానపాట_ఫ్లూట్_ఆలాపన. ఇంగ్లీషు పాఠాల్లో చెప్పే వర్స్, బ్రిడ్జ్ లాంటివి మన పాటలకి సరిగ్గా అతకవు, పల్లవి, అనుపల్లవి, చరణం, సాకీ అని మనవాళ్లు రిహార్సల్‌లో నోటితో అనే మాటే పేరులోనూ పెట్టండి, ఫోన్‌లో "రెండో చరణం మళ్లీ పంపు" అంటే అవతలివాళ్లకి వెంటనే దొరుకుతుంది. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయండి. ఇప్పటి విండోస్, మ్యాక్ తెలుగు పేర్లని బాగానే తీసుకుంటాయి, కానీ ఎఫెక్ట్స్, వాయిద్యాల శబ్దాలు ఇచ్చే పాత ప్లగిన్లు, కొన్ని జిప్ సాఫ్ట్‌వేర్లు, అవతలివాళ్ల పాత కంప్యూటర్లు వాటిని ప్రశ్నార్థకాలుగా మార్చేస్తాయి. తెలుగు మీద నాకెంత ప్రేమున్నా ఇక్కడ మాత్రం రిస్క్ తీసుకోను, పాట పూర్తి పేరు తెలుగులో నోట్స్ ఫైల్లో రాసుకుంటాను.

ఖాళీ బదులు అడ్డగీత పెట్టండి. ప్రశ్నార్థకం, నక్షత్రం, కోలన్, ముందుకీ వెనక్కీ వాలే గీతలు వాడకండి, విండోస్ ఒప్పుకోదు. తేదీ పెడితే సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు: 2024-06-09. మనం మామూలుగా రాసినట్టు రోజు ముందు పెడితే పేరు వరసలో జనవరి తొమ్మిది, జూన్ తొమ్మిది పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి. నంబర్లు 01, 02 అని రెండంకెలతో పెట్టండి, లేదంటే చాలాచోట్ల 1 తర్వాత 10 వచ్చి, 2 ఎక్కడో కిందకి పోతుంది.

ఇక ఫైనల్ అన్న మాట. ఫైనల్, ఫైనల్2, ఫైనల్_కొత్తది, ఫైనల్_ఇదే. ఆ మాట నేను పూర్తిగా మానేశాను. మిక్స్01, మిక్స్02 అని నంబరు పెంచుకుంటూ పోతాను, ఏది బయటికి వెళ్లిందో నోట్స్‌లో ఒక లైను: "మిక్స్07 యూట్యూబ్‌లో పెట్టాం." ప్రాజెక్ట్ ఫైలు కూడా అంతే, పెద్ద మార్పు చేసే ముందు కొత్త నంబరుతో సేవ్ ఏజ్. దాని సైజు ఎంతో పైన చూశాం కదా, ఇరవై వెర్షన్లున్నా అన్నీ కలిపి ఆరు ఎంబీ దాటదు. కాబట్టి ఇక్కడ పొదుపు చేయకండి.

బయట నుంచి వచ్చే ఫైళ్లు

ఇప్పుడు పాట అంతా ఒక గదిలో అవ్వట్లేదు. నాకు కోరస్ పాడే చెల్లెలు డాలస్‌లో ఉంటుంది, ఫ్లూట్ వాయించే అతను వరంగల్‌లో. వాళ్లు పంపేవాటితో వచ్చే చిక్కులు మూడు రకాలు.

మొదటిది వాట్సాప్. వాయిస్ మెసేజ్‌గా పంపితే అది ఓపస్ అనే పద్ధతిలో బాగా నొక్కేసి పంపుతుంది, మాట్లాడుకోవడానికి చాలు, పాటలో పెట్టడానికి చాలదు. వాట్సాప్‌లోనే డాక్యుమెంట్ అని ఎంచుకుని వేవ్ ఫైలు జత చేస్తే ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది, 2 జీబీ దాకా పంపొచ్చు. అలా కాకపోతే గూగుల్ డ్రైవ్ లింకు. ఎంపీ3 మాత్రం అడగకండి, నాణ్యత సంగతి అటుంచి, ఎంపీ3గా మార్చినప్పుడు మొదట్లో రవ్వంత నిశ్శబ్దం చేరుతుంది, దాంతో తాళం మీద పడాల్సిన దెబ్బ కాస్త వెనకబడుతుంది. కారణం తెలియక గంటలు గంటలు ఆ ట్రాక్‌ని ముందుకీ వెనక్కీ జరుపుతూ కూర్చుంటాం.

రెండోది మొదలు. వాళ్లు పాడింది రెండో చరణమే అయినా సరే, ఫైలు మాత్రం పాట సున్నా సెకను నుంచి ఉండాలి. మీరు పంపిన గైడ్ ట్రాక్ మొదలుతో సమానంగా. అప్పుడు మీరు దాన్ని ప్రాజెక్ట్ మొదట్లో పడేస్తే తనంతట తానే చోట్లో కూర్చుంటుంది. ఈ ఒక్క మాట నేను ప్రతి ఒక్కరికీ గైడ్ ట్రాక్‌తో పాటు రాసి పంపుతాను: సున్నా నుంచి ఎగుమతి చేయండి, వేవ్, 48, 24 బిట్, ఎఫెక్ట్స్ లేకుండా ఒకటి, మీకు నచ్చిన రివర్బ్‌తో ఇంకొకటి.

మూడోది శాంపిల్ రేటు, అంటే సెకనుకి ఎన్ని వేల శాంపిళ్లన్నది. 44.1లో రికార్డయిన ఫైలుని సాఫ్ట్‌వేర్ మార్చకుండా 48లో వాయించేస్తే, పాట దాదాపు తొమ్మిది శాతం వేగంగా నడుస్తుంది, శృతి సుమారు ఒకటిన్నర స్వరస్థానం పైకి వెళ్తుంది. ఇప్పటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు తమంతట తామే సర్దేస్తాయి, అయినా నాలుగు కట్టె శృతిలో పాడమంటే ఐదుకి దగ్గర్లో పాడి పంపిందేమిటి అని మా చెల్లెల్ని ఒకసారి నేను అనవసరంగా కసిరాను, తప్పు తనది కాదు. పాట మొదట్లోనే ఒక రేటు అనుకోండి, యూట్యూబ్ వీడియో కూడా ఉంటే 48 పెట్టుకోండి, అదే నోట్స్‌లో రాయండి, మధ్యలో మార్చకండి.

వచ్చిన ఫైలుకి వాళ్లు పెట్టిన పేరు "న్యూ రికార్డింగ్ 12" లాంటిదే ఉంటుంది. దాన్ని వచ్చినవి ఫోల్డర్లో వేసి, ప్రాజెక్ట్‌లోకి లాగకముందే పేరు మార్చండి, ఎవరు పంపారో కూడా కలపండి. లాగాక మారిస్తే లింకు తెగుతుంది. ఆ అసలు ఫైలుని ఎడిట్ చేయకండి, కోతలన్నీ ప్రాజెక్ట్ లోపలే. వాళ్లని మళ్లీ పాడించే పని పెట్టుకోకూడదు కదా.

నోట్స్ ఫైలు

ఉత్త టెక్స్ట్ ఫైలు చాలు, యాప్‌లు అక్కర్లేదు. నాది ఇలా ఉంటుంది: పాట పూర్తి పేరు, సాహిత్యం ఎవరిది, శృతి, తాళం, టెంపో, శాంపిల్ రేటు, ఎవరెవరు పాడారు, ఏ రోజు, ఏ మైకు, మైకు ఎంత దూరం. తర్వాత గుర్తుకొచ్చినవి గుర్తుకొచ్చినట్టు: "పల్లవి మూడో టేకులో చివర కుక్కర్ విజిల్ పడింది." "చరణం2 మొదటి టేకులో శృతి కాస్త తగ్గింది, భావం మాత్రం అదే బాగుంది, ఉంచాలి." ఏడాది తర్వాత అదే పాటకి ఇంకో చరణం కలపాలంటే ఈ మైకు దూరం, టెంపో అనే రెండు ముక్కలే ప్రాణం పోస్తాయి.

తాళ్లపాకవారి రాగిరేకుల మీద సంకీర్తన పైన రాగం పేరు చెక్కి ఉంటుంది, ఇప్పటికీ అచ్చు పుస్తకాల్లో ఫలానా కీర్తన ఫలానా రేకులోది అని నంబరుతో సహా చెబుతారు. ఆ పద్ధతి వల్లే అన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఏ పాట ఎక్కడిదో తెలుస్తోంది. కానీ స్వరాలు రాయలేదు, అందుకే ఆ వరసలు మనకి చేరలేదు, ఇప్పుడు వింటున్నవాటిలో చాలా భాగం తర్వాతివాళ్లు కట్టినవి. నోట్స్ రాస్తూ బద్ధకం వచ్చినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది, ఆ రోజు నేను మామూలు అనుకుని రాయకుండా వదిలేసిందే రేపు ఎవరికో కావాలి.

ఎప్పుడు చెరపాలి

ఆ రాత్రే చెరపకండి. అలిసిపోయిన చెవికి అన్నీ చెత్తగానే వినిపిస్తాయి. నేను పాట బయటికి వెళ్లి నెల దాటేదాకా ఏ టేకూ తీయను. హార్డ్ డిస్క్ నిండుతోందన్న టెన్షన్ ఉంటే ముందు వేరేచోట చూడండి, రీపర్ తరంగాల బొమ్మ కోసం చేసుకునే రీపీక్స్ ఫైళ్లు తీసేసినా నష్టం లేదు, ప్రాజెక్ట్ తెరిస్తే మళ్లీ చేసుకుంటుంది.

వాడని ఫైళ్లని ఏరి చూపించే పని సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రీపర్‌లో ఫైల్ మెనూలో క్లీన్ కరెంట్ ప్రాజెక్ట్ డైరెక్టరీ, క్యూబేస్ పూల్‌లో రిమూవ్ అన్‌యూజ్డ్ మీడియా. ఇవి వాడేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఒకే ఫోల్డర్లో మీ ప్రాజెక్ట్ వెర్షన్లు ఐదారు ఉంటాయి, ఇప్పుడు తెరిచిన వెర్షన్ వాడని టేకుని పాత వెర్షన్ వాడుతూ ఉండొచ్చు. కాబట్టి లిస్టు చదవండి, నేరుగా డిలీట్ కాకుండా రీసైకిల్ బిన్‌కి పంపండి, బిన్ ఖాళీ చేసే ముందు పాత వెర్షన్ ఒకటి తెరిచి వినండి.

పాట అయిపోయాక

మిక్స్ అయిపోయింది, వేవ్ తీశారు, అందరికీ పంపారు. ఇంకో అరగంట పని ఉంది, దయచేసి అది ఆ వారంలోనే చేయండి. ప్రతి ట్రాక్‌నీ పాట మొదటి నుంచి చివరిదాకా, సున్నా నుంచి, ఒక్కో పూర్తి వేవ్ ఫైలుగా స్టెమ్స్ ఫోల్డర్లోకి తీసి పెట్టండి. మిడితో, అంటే మనం కీబోర్డు మీద నొక్కితే శబ్దం కంప్యూటర్ ఇచ్చే పద్ధతిలో వాయించినవి తప్పనిసరిగా, ఎందుకంటే ఆ వీణ శబ్దం ఇచ్చే ప్లగిన్ ఐదేళ్ల తర్వాత మీ కంప్యూటర్లో పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. రీపర్‌లో రెండర్ పెట్టెలో, అంటే పాటని ఫైలుగా తీసే చోట, సోర్స్ దగ్గర స్టెమ్స్ ఎంచుకుని, ఫైలు పేరు దగ్గర ప్రాజెక్ట్ పేరు, ట్రాక్ పేరు వచ్చే వైల్డ్‌కార్డులు పెడితే అన్నిటికీ పేర్లు అవే పడతాయి. ముందే ట్రాక్‌లకి పేర్లు పెట్టిన కష్టం ఇక్కడ రెండోసారి అక్కరకొస్తుంది. ఐదు నిమిషాల పాట, పన్నెండు మోనో ట్రాక్‌లు, మొత్తం 520 ఎంబీ లోపే. ప్రాజెక్ట్ తెరుచుకోకపోయినా, రీపరే లేకపోయినా, ఆ పన్నెండు ఫైళ్లని ఏ సాఫ్ట్‌వేర్‌లో వేసినా పాట వస్తుంది.

బ్యాకప్ సంగతి అందరికీ తెలిసిందే, మూడు కాపీలు, రెండు వేరు వేరు డ్రైవ్‌ల మీద, ఒకటి ఇంటి బయట. బయటిది క్లౌడ్ కావొచ్చు, అన్నయ్య ఇంట్లో బీరువాలో పెట్టిన హార్డ్ డిస్క్ అయినా కావొచ్చు. మూడు విషయాలు మాత్రం అనుభవంతో చెబుతాను. ప్రాజెక్ట్ నడుస్తున్న ఫోల్డర్‌ని క్లౌడ్ సింక్‌లో పెట్టి రికార్డు చేయకండి, మనం రాస్తున్న ఫైలునే అదీ పట్టుకుంటే తంటాలొస్తాయి. పని అయ్యాక జిప్ చేసి ఎక్కించండి. పాత పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకుంటే విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ నడుస్తుంది. కరెంటు పోయే ఊళ్లో ఉంటే ఆటోసేవ్ ఐదు నిమిషాలకి పెట్టుకోండి.

బ్యాకప్ పని చేస్తుందా అన్నది తెరిచి చూస్తేనే తెలుస్తుంది, అందులోనూ ఒక మెలిక ఉంది. బ్యాకప్‌లోని ప్రాజెక్ట్ తెరిస్తే పాట చక్కగా మోగొచ్చు, కానీ అది మీ కంప్యూటర్లోని అసలు ఫోల్డర్ నుంచే ఫైళ్లు తీసుకుంటూ ఉండొచ్చు. కాబట్టి ముందు అసలు ఫోల్డర్ పేరు చివర ఒక అక్షరం కలపండి, దాని దారి మూసేసినట్టే, ఆ తర్వాత బ్యాకప్ తెరవండి. అప్పుడూ మోగితే అది నిజమైన బ్యాకప్. చూశాక ఆ అక్షరం తీసేయండి.

ఇప్పటికే గందరగోళంగా ఉంటే

పదేళ్ల గుట్టని ఒక ఆదివారం సర్దుదామని కూర్చోకండి, సగంలో విసుగొచ్చి ఉన్న వరస కూడా చెదిరిపోతుంది. గుట్ట మొత్తాన్ని ఉన్నచోటే వదిలి, ముందు దానికి ఒక కాపీ తీయండి. ఈ రోజు నుంచి మొదలయ్యే పాటలకి కొత్త పద్ధతి. పాత పాట ఎప్పుడు అవసరమై తెరిస్తే అప్పుడు మీడియా కాపీ టిక్‌తో సేవ్ ఏజ్ కొట్టి కొత్త చోటికి తెచ్చుకోండి. ముందుగా తేవాల్సినవి మాత్రం కొన్ని ఉంటాయి, ఇంట్లో పెద్దవాళ్ల గొంతులున్నవి, అవి ఈ వారమే తెచ్చి స్టెమ్స్ తీసి పెట్టండి.

ప్రాజెక్ట్ ఫైలు పాడై, ఉత్త వేవ్‌లే మిగిలినా ఆశ వదులుకోవద్దు. రీపర్ లాంటివి వేవ్ ఫైలు లోపలే, బ్రాడ్‌కాస్ట్ వేవ్ పద్ధతిలో, అది ప్రాజెక్ట్‌లో ఏ క్షణం దగ్గర రికార్డయిందో రాసిపెడతాయి. ఫైళ్లన్నీ ఖాళీ ప్రాజెక్ట్‌లోకి లాగి, ఒక్కోటి ఒక్కో ట్రాక్ మీద పెట్టి, యాక్షన్స్ లిస్టులో బీడబ్ల్యూఎఫ్ అని వెతికితే ఐటెమ్‌ని దాని అసలు చోటుకి పంపే యాక్షన్ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే ఫైళ్లు వాటి క్షణాల దగ్గరికి జరుగుతాయి. ఎఫెక్ట్స్, కోతలు మళ్లీ చేసుకోవాలి, కానీ పాట అమరిక తిరిగి వస్తుంది. పెద్దమ్మ పాటలు పోగొట్టుకున్న అబ్బాయికి వేవ్‌లే లేవు కాబట్టి ఇది పనికిరాలేదు. ఫార్మాట్ చేయబోతున్నవాళ్లు ముందు కంప్యూటర్ మొత్తంలో వేవ్ ఫైళ్లని సైజు వరసలో వెతికి, ఏదీ వదలకుండా ఒక డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, అప్పుడు ఫార్మాట్ కొట్టండి.